మూడో తెల్లమెట్టు కింద

నేను ఒక రీడును. హార్మోనియం పెట్టెలో మెట్టు నొక్కితే లోపల గాలికి ఊగే ఇత్తడి నాలుకను. వేలెడు పొడవు కూడా ఉండను. పైన మెట్లమీద వేళ్లు ఆడించేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఆ మెట్టు కింద నేనొకదాన్ని ఉన్నానని తలచుకునేవాళ్లు తక్కువ. తలచుకోకపోవడమే నాకు మంచిది. తలచుకుని మూత తీసినవాడి చేతిలో ఆకురాయి ఉంటుంది.

నా భయం ముందే చెప్పేస్తాను. రీడు శ్రుతి పెంచాలంటే కొస దగ్గర గీస్తారు. తగ్గించాలంటే మొదలు దగ్గర గీస్తారు. ఎటు గీసినా పోయేది నా ఒంట్లో ఇత్తడే. పోయింది మళ్లీ రాదు. మనుషులు దీన్ని బాగుచెయ్యడం అంటారు. ఎంత బాగుచేస్తే అంత పల్చబడతాం.

పుట్టింది గుజరాతు వైపు ఒక చిన్న ఊళ్లో. ఒకావిడ రేకు కత్తిరించి, పీటకి బిగించి, నోటితో ఒకసారి ఊది చూసి, బుట్టలో పడేసింది. రోజుకి నాలాంటివి వందలు చేసేది. నా మొహం చూసినట్టు కూడా లేదు. అక్కణ్ణుంచి పొట్లాల్లో తెనాలి వచ్చాం, షేక్ దస్తగిరి కొట్టుకి.

దస్తగిరి పెట్టెలు చేస్తాడు, శ్రుతి చేస్తాడు. మనిషి నెమ్మది. గోడమీద ఒక గడియారం, బల్లమీద వాళ్ల ఉస్తాదు ఇచ్చిన శ్రుతి ఫోర్కు, పక్కన ఆకురాళ్లు. నన్ను మూడో తెల్లమెట్టు కింద పెట్టాడు. నేను సెకనుకు మూడువందల ముప్పైసార్లకి ఒక చిటికెడు తక్కువగా ఊగాలి. అలా ఊగేదాకా గీశాడు. నాపైన స్థాయిలో నాకు రెట్టింపు ఊగే తమ్ముడొకడు ఉన్నాడు. వాణ్ణీ అలాగే గీశాడు. వాడు నాకంటే చిన్నవాడు, పల్చనివాడు. వాడు ఏడ్చినప్పుడల్లా నాకు వణుకు.

పెట్టె కొన్నది మద్దాలి రాఘవులు. పౌరాణిక నాటకాల బృందంలో కాలి హార్మోనియం వాయిస్తాడు. పెట్టె తీసుకెళ్లడానికి వచ్చినరోజు ఒకటో తెల్లమెట్టు మీద స, ఐదో మెట్టు మీద ప, రెండూ కలిపి నొక్కిపట్టి చెవి వంచాడు.

"సాయిబూ, ఇదేంది? నీళ్లమీద అల వచ్చినట్టు పొంగుతోంది, తగ్గుతోంది."

"పొంగాల. పది సెకన్లకి తొమ్మిదిసార్లు పొంగాల. గడియారం చూసి లెక్కపెట్టుకోండి."

"పొంగకుండా చెయ్యలేవా?"

"ఎందుకు చెయ్యలేను? స రెండుసార్లు ఊగేలోపు ప మూడుసార్లు ఊగితే అల ఉండదు. తేనె. కానీ రాఘవులుగారూ, ఆ తేనె పట్టుకుని పన్నెండు అడుగులు వేస్తే ఇంటికి రాం."

రాఘవులు ఆయన మొహం వంక చూశాడు. దస్తగిరి ముక్కుపొడుం పీల్చి, బల్లమీద సుద్దముక్కతో గుండ్రంగా పన్నెండు చుక్కలు పెట్టాడు.

"ఒక ప నుంచి దాని ప, దాన్నుంచి మళ్లా దాని ప. అట్టా పన్నెండు. పన్నెండోది మొదలుపెట్టిన మెట్టు మీదికే రావాల. వస్తుందా? రాదు. మెట్టులో పావువంతు దాటిపోద్ది. ఆ పావువంతు మిగులు ఎక్కడ పెట్టేది? ఒకే ఇంట్లో పెడితే ఆ ఇల్లు కుక్కలా గుర్రుమంటది. అందుకని పన్నెండిళ్లకీ తలాకాస్త పంచుతా. ఏ ఇంటికీ బరువు తెలవదు. ఎవురొచ్చి ఏ శ్రుతిలో అడిగినా పెట్టె పలుకుద్ది."

"అంటే అన్నిట్లోనూ కాస్త తప్పు పెట్టావన్నమాట."

"కాస్త. సమానంగా."

రాఘవులు నవ్వి పెట్టె ఎత్తించుకుపోయాడు.

లెక్క చెప్పాలంటే, కింది స ఎన్నిసార్లు ఊగితే పై స దానికి సరిగ్గా రెట్టింపు ఊగుతుంది. మధ్యలో నలుపూ తెలుపూ కలిపి పన్నెండు మెట్లు. ప్రతి మెట్టూ తన కింది మెట్టుకంటే నూటికి ఆరుపాళ్లు ఎక్కువ ఊగుతుంది, ఆరుకి కాస్త తక్కువే. అలా పన్నెండుసార్లు ఎక్కితే నూరు రెండువందలవుతుంది. ఎక్కడ మొదలుపెట్టినా మెట్టు ఎత్తు ఒక్కటే. ఈ పంపకంలో అందరికంటే ఎక్కువ మోసేది నాలాంటి రీడే. ఒకటో మెట్టు స అయితే నేను గాంధారాన్ని. స నాలుగు ఊగేలోపు నేను ఐదు ఊగితే తేనె. ఆ తేనెకంటే నేను సెకనుకు రెండున్నర ఊపులు ఎక్కువ ఊగాలి. అందుకే స పక్కన నేను నిలబడితే సెకనుకు పది అలలు. వరుసగా, గరగరమని.

ఆ గరగర ఒకాయన చెవిలో పడింది.

సుందరరామయ్య ఆ బృందానికి పెద్ద. రాజు వేషం ఆయనదే. మైకులు లేని రోజుల్లో నాలుగు శ్రుతిలో, అంటే నాలుగో తెల్లమెట్టుని స చేసుకుని, పాడి వెనక వరసకి వినిపించిన గొంతట. మైకు వచ్చింది, వయసు వచ్చింది, ఒకటికి దిగాడు. బృందంలో ఎవరు పాడినా ఆ ఒకటిలోనే పాడాలి. పద్యం చివర గాంధారం మీద నిలబడి రాగం తీయడం ఆయనకి ఇష్టం. అక్కడ కింద నేను గరగరమంటుంటే ఆయనకి చెయ్యి ఊపి రాగం తీయబుద్ధి కాలేదు.

నెలకే పెట్టెతో తెనాలి వచ్చాడు. "ఏమయ్యా దస్తగిరీ, రంపం పెట్టి కోస్తోంది నీ మూడో మెట్టు. దించు."

"దించితే మీకు తీపే అయ్యా. ఇంకొకరికి చేదవుద్ది. ఆరు శ్రుతిలో పాడేవాళ్లకి ఈ మూడో మెట్టే పంచమం. పంచమం కుంటిదైతే పాట నడవదు."

"ఆరు శ్రుతి ఆడవాళ్లది కదయ్యా. మాలో ఎవరున్నారు ఆరులో పాడేవాళ్లు? ఈ పెట్టెకి నేను కాక ఇంకెవరున్నారు?"

సుందరరామయ్య పద్యాలంటే దస్తగిరికి ప్రాణం. చిన్నప్పుడు గోడెక్కి విన్నవాడు. ఆ గొంతుకి తన చేత్తో ఒక తేనెబొట్టు వేసే భాగ్యం అనుకున్నాడో ఏమో, మూత తీశాడు. తన లెక్క తానే తప్పాడు. మొదలు దగ్గర గీశాడు. నన్నూ, నా తమ్ముణ్ణీ. రెండున్నర ఊపులు దిగాను. ఆ మొదలు దగ్గర నా ఒళ్లు కాగితమంత పల్చనయింది.

నిజం చెప్పాలి. ఆ తర్వాత ఎనిమిదేళ్లు నాకు సుఖంగా గడిచాయి. స పక్కన నిలబడితే ఒక్క అల లేదు. నిండు చెరువులా నిశ్చలంగా ఉండేది. సుందరరామయ్య దానిమీద తేలేవాడు. జనం ఈలలు వేసేవాళ్లు. రాఘవులు తన వేళ్ల గొప్పనుకున్నాడు, సుందరరామయ్య తన గొంతు గొప్పనుకున్నాడు. నన్నెవరూ అనుకోలేదు. అయినా సుఖమే. ఒక్కటే బెంగ. నా మొదలు సన్నబడింది. ఇంకోసారి ఆకురాయి వస్తే ఏమవుతుంది?

ఆ ఎనిమిదేళ్లూ, బృందంలో కొత్తగా చేరిన సామ్రాజ్యం రాణి వేషం వేసింది. మొదటి ఏడు ఒకసారి అడిగింది, "రాఘవులుగారూ, నాకు ఆరు ఇస్తారా?" అని. పెద్దాయన శ్రుతిలోనే పాడాలన్నారు. ఆవిడ గొంతు ఆ లోతుకి దిగేది కాదు. దిగినచోట మూలిగేది. చూసినవాళ్లు, మనిషి బాగుంది, నటన బాగుంది, పాపం గొంతు లేదు అనేవాళ్లు. ఆవిడా విని ఊరుకునేది. నేను మాత్రం తెర వెనక ఆవిడ జడ వేసుకుంటూ తనలో తాను తీసుకునే కూనిరాగం వినేదాన్ని. అది ఆరులో ఉండేది. అక్కడ గొంతు గిన్నె అంచు మీద వేలు తిప్పినట్టు పలికేది.

చీరాల్లో పరిషత్తు పోటీలు. మా నాటకం మధ్యాహ్నం మూడింటికి. పొద్దున్న లేచేసరికి సుందరరామయ్యకి జ్వరం, గొంతు పూర్తిగా పూడిపోయింది. గుసగుస తప్ప మాట లేదు. రాజు లేకుండా నాటకం లేదు. పేరు కొట్టేయించుకుని వెళ్లిపోదామన్నాడు రాఘవులు.

"నేను వేస్తాను రాజు వేషం" అంది సామ్రాజ్యం. "పద్యాలన్నీ వచ్చు. ఎనిమిదేళ్లు పక్కన నిలబడి విన్నాను. ఈ నాటకంలో రాణికి మాటలే కదా, చెలికత్తె వేసే మన వసుంధర చెబుతుంది. కానీ ఆరులో పాడతాను."

సుందరరామయ్య మెడకి తువ్వాలు చుట్టుకుని మంచం మీద ఉన్నాడు. ఒకటి అని వేలు చూపించాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

రాఘవులు పెట్టె తెరిచి, నాకు కింది స్థాయిలో ఉన్న ఆరో మెట్టు నొక్కాడు. దానికి పంచమంగా నన్ను నొక్కాడు. ఇద్దరం కలిసి గుర్రుమన్నాం. సెకనుకు ఆరుసార్లు, కుక్క పళ్లు చూపించినట్టు. గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. నాకు సిగ్గేసింది. దస్తగిరి చెప్పిన చేదు ఇదన్నమాట.

"ఐదున్నరలో, పక్క నల్లమెట్టు మీద పాడమ్మా. అక్కడ ఈ మూడో మెట్టుతో పంచమానికి పనిలేదు. అర శ్రుతే కదా" అన్నాడు రాఘవులు.

"ఎనిమిదేళ్లు వంగాను అన్నగారూ. ఇవాళొక్క పూట వంగను. ఆరులో పాడి పోతే, నిజంగానే నాకు గొంతు లేదనుకుని ఇంటికెళ్లి కూర్చుంటాను. ఐదున్నరలో పోతే ఆ సంగతి నాకెప్పటికీ తెలియదు."

పక్క బృందాన్ని పెట్టె అడిగితే పోటీ కదా అని నవ్వారు. దస్తగిరికి ఫోన్ చేశారు. అరవై దాటిన మనిషి పాసింజరు ఎక్కి పన్నెండున్నరకి చేరాడు. చంకలో సంచి. సంచిలో ఆకురాళ్లు గలగలమన్నాయి. ఆ చప్పుడు నాకు దూరం నుంచే తెలుసు.

మూత తీసి నా వంక చూశాడు. చాలాసేపు చూశాడు.

"నేనే చేశానమ్మా ఈ పని" అన్నాడు సామ్రాజ్యంతో. "నువ్వున్నావని నాకు తెలవదు."

"ఇప్పుడు తెలిసింది కదా తాతా. పైకెత్తండి."

ముందు నా తమ్ముడి కింద పల్చటి రాగిరేకు దూర్చాడు. కొసమీద రెండుసార్లు గీశాడు. మూడోసారికి టిక్ అని చిన్న శబ్దం వచ్చింది. తమ్ముడు మొదలు దగ్గర విరిగి బల్లమీద పడ్డాడు. దస్తగిరి సంచి వెతికి, ఆ సైజుది ఒక పాత రీడు దొరికితే బిగించి సరిచేశాడు. దానికే గంటన్నర పట్టింది. మళ్లీ సంచి వెతికాడు. నా సైజుది లేదు.

"ఇది విరిగితే మరొకటి లేదమ్మా."

"విరిగితే?"

"పంచమం ఉండదు."

సామ్రాజ్యం మీసం అతికించుకుంటోంది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "గీయండి" అంది.

రాగిరేకు చల్లగా నా కిందికి వచ్చింది. ఆకురాయి కొసమీద ఆనింది. ఒక గీత. గాలి పెట్టి విన్నాడు. సెకనుకు ఐదు. ఇంకో గీత. నాలుగు. ఇంకోటి. మూడు. ప్రతి గీతకీ నా మొదలు జివ్వుమంటోంది. బయట మైకులో మా బృందం పేరు పిలిచారు, అరగంటలో సిద్ధంగా ఉండమని. ఇంకో గీత. రెండు. అప్పుడు నా మొదలు దగ్గర వెంట్రుకలాంటిది కదిలింది. బీట. ఎవరికీ కనపడదు. నాకు తెలుసు. ఇంకొక్క గీతకి నేనుండను.

దస్తగిరి చెయ్యి ఆగిపోయింది. చూసి ఆగాడా, వేలికి తెలిసి ఆగాడా, నాకు తెలియదు. ఆకురాయి కింద పెట్టాడు.

"ఇంక దీనికి మోసే ఓపిక లేదు. ఇంకా కాస్త మిగిలింది. రెండు అలలు. ఉస్తాదు ఉంటే తిట్టేవాడు, ఒక్కదాని నెత్తినే పెడతావేరా అని." ఆరో మెట్టు రీడు దగ్గరికి జరిగాడు. అది దిట్టమైనది, ఎవరూ గీయని ఒళ్లు. దాని మొదలు దగ్గర సన్నగా ఒకే ఒక గీత గీశాడు. నేను ఎక్కలేని ఎత్తుకి అదే కాస్త దిగి వచ్చింది. ఇద్దరినీ కలిపి గాలి పెట్టాడు. గడియారం చూసి లెక్కపెట్టాడు. పది సెకన్లకి ఏడు.

"సరిపోయింది. కానీ అమ్మా, నీ ఆరు వెంట్రుకంత దిగింది. నువ్వు కూడా వెంట్రుకంత దిగాల."

సామ్రాజ్యం అద్దంలోంచే నవ్వింది. "అర శ్రుతి దిగనన్నాను గానీ, వెంట్రుకంతయితే దిగుతాను తాతా."

మూడింటికి తెర లేచింది. సుందరరామయ్య తెర పక్కన కుర్చీలో కూర్చున్నాడు. దస్తగిరి నా వెనకే, పెట్టెకి చెవి ఆనించినట్టు నేలమీద కూర్చున్నాడు. మొత్తం పదకొండు పద్యాలు. రాఘవులు కాళ్లతో తొక్కుతుంటే తిత్తి నిండింది. గాలి నా మీదికి వచ్చింది.

మొదటి పద్యం. ఆవిడ పంచమం అందుకుంది. నేను ఊగాను. బీట కదలలేదు. జనంలో గుసగుసలు. ఎవరీవిడ అని ఒకరు, గొంతు లేదన్నారే అని ఒకరు. రెండు, మూడు. ప్రతి పద్యానికీ నేను లెక్కపెట్టుకుంటున్నాను. ఆరు. ఏడు. బీట కాస్త పాకింది. రాఘవులు వేలు నామీద పడ్డప్పుడల్లా, ఇదే ఆఖరుదేమో అనుకున్నాను. పది. ఇంకొక్కటి.

పదకొండో పద్యం చివర ఆవిడ పంచమం మీద నిలబడి రాగం తీసింది. అప్పటిదాకా సందడిగా ఉన్న పందిరి అణిగిపోయింది. వేలు నామీదే ఉంది. ఊగుతున్నాను, ఊగుతున్నాను. ఆవిడ దిగింది, వేలు లేచింది. నేను మిగిలాను. హమ్మయ్య అనుకున్నాను.

"వన్స్‌మోర్!"

వెనక వరసలోంచి ఒకడు. తర్వాత పదిమంది. తర్వాత పందిరంతా. మనుషులు మెచ్చుకునే పద్ధతి అది. బాగున్నదాన్ని వెంటనే ఇంకోసారి చెయ్యమంటారు, చేసినవాళ్లలో ఎంత మిగిలిందో చూడరు.

పోటీ పెద్దలు గంట కొట్టారు. టైము అయిపోయింది, వద్దని. సామ్రాజ్యం గంట వంక చూసింది, జనం వంక చూసింది. పద్యం మళ్లీ ఎత్తుకుంది.

రెండో పాదంలో పంచమానికి రాఘవులు నన్ను నొక్కాడు. టిక్. అంతే. నాలుక మొదలు దగ్గర సగానికి తెగి వేలాడింది. నానుంచి స్వరం రాలేదు, ఈగ రెక్క కొట్టుకున్నట్టు ఒక గరగర వచ్చింది. రాఘవులు వేలు తీసేశాడు. సామ్రాజ్యం వంక చూసి తల అడ్డంగా ఊపాడు. దస్తగిరి కళ్లు మూసుకున్నాడు.

ఆవిడ ఆగలేదు. కళ్లతోనే, ఆరు పట్టుకో చాలు అన్నట్టు సైగ చేసింది. రాఘవులు ఒక్క ఆరో మెట్టు పట్టుకున్నాడు. పంచమం ఖాళీ. ఆ ఖాళీలోకి ఆవిడ గొంతు ఎక్కి నిలబడింది.

నేను తెగి వేలాడుతూ విన్నాను. ఆరో మెట్టు రెండు ఊగేలోపు ఆ గొంతు మూడు ఊగింది. సరిగ్గా మూడు. ఒక్క అల లేదు. పన్నెండిళ్లకి పంచాల్సిన లెక్క మాకుంది, ఒకచోట బిగించినవాళ్లం. గొంతుకి ఆ లెక్క లేదు. కావలసినచోటికి వెళ్లి నిలబడుతుంది. నేను ఎన్నాళ్లు ఊగినా అంత నిండుగా పంచమం పలకలేదు. ఏం చెప్పను, తెగిన నొప్పి కాసేపు మరిచిపోయాను.

గంట దాటి పాడినందుకు మార్కులు తీసేశారు. బృందానికి రెండో బహుమతి వచ్చింది, ఆవిడకి విడిగా ఏమీ రాలేదు. కానీ పందిరి ఖాళీ అయ్యేదాకా జనం ఆవిడ చుట్టూనే ఉన్నారు. గొంతు లేదన్న మాట ఆ తర్వాత నేను వినలేదు. సుందరరామయ్య కుర్చీలోంచి లేచి వచ్చి, "పెట్టె బాగా పలికింది" అని గుసగుసగా అన్నాడు. దస్తగిరి నవ్వాపుకోలేక పొడుం పీల్చాడు.

నన్ను విప్పి ఆ పొడుం డబ్బాలోనే వేశాడు. అందులో నా తమ్ముడు ముందే ఉన్నాడు.

పది రోజులకి పెట్టె తెనాలి వచ్చింది. సుందరరామయ్య, రాఘవులు, సామ్రాజ్యం ముగ్గురూ వచ్చారు. దస్తగిరి కొత్త రీడు బిగించాడు, నాలాగే మూడువందల ముప్పైకి చిటికెడు తక్కువ. ఆరో మెట్టుని తన పాత చోటికి ఎత్తాడు.

సుందరరామయ్య గొంతు తిరిగొచ్చింది. "దస్తగిరీ" అన్నాడు, "ఒకటిలో ఆ గాంధారం ఉంది చూడు, అది కాస్త..."

సామ్రాజ్యం గోడమీద గడియారం వంక చూస్తోంది.

"...వద్దులే. ఎవరొచ్చినా పాడేట్టు ఉండనీ."

రాఘవులు ఒకటి పట్టాడు. సుందరరామయ్య పద్యం ఎత్తి గాంధారం మీదికి వెళ్లాడు. కింద కొత్త రీడు గరగరమంది, సెకనుకు పది. ఆయన మొహం చిట్లించాడు. చిట్లించి, అలాగే పాడాడు.

డబ్బాలో ఉన్న నాకూ వినపడింది. లోపల చీకట్లో ఆ కొత్తది వణుకుతోందేమో, తనదే తప్పనుకుని. తప్పు కాదు, దాని వంతు. చెప్పడానికి నాకిప్పుడు నాలుక లేదు.

దస్తగిరి చివరిదాకా విన్నాడు. ఆకురాయి తుడిచి, సంచిలో పెట్టి, ముడి వేశాడు.